సినిమా ఫైటర్‌గా పని నేర్చుకోవడం ఎలా

తెలుగు చిత్రసీమలో స్టంట్ కళాకారుణ్ణి ఫైటర్ అనీ, పోరాటాలను కూర్చి చేయించేవారిని ఫైట్ మాస్టర్ అనీ, కథానాయకుడికి బదులుగా ప్రమాదకరమైన షాట్ చేసేవాణ్ణి డూప్ అనీ అంటారు. ఈ వృత్తిలోకి రాదలచిన యువకుల్లో చాలామంది కొట్టడం నేర్చుకొని వస్తారు. కాని ఇక్కడ కూలి ఇచ్చేది పడినందుకు. కథానాయకుడి దెబ్బకు బలం ఉన్నట్టు ప్రేక్షకుడికి తోచేది అతని పిడికిలి వల్ల కాదు, ఎదుటివాడు ఎగిరి పడిన తీరు వల్ల. కాబట్టి మొదట నేర్వవలసింది పడటమే.

కరాటే బెల్టు కంటే జిమ్నాస్టిక్స్ ఎక్కువ ఉపయోగపడుతుంది. ముందు పల్టీ, వెనుక పల్టీ, దొర్లి లేవడం శరీరానికి అలవాటైతే గాలిలో ఉన్నప్పుడు నేల ఎటువైపు ఉందో తెలుస్తుంది. ఆ ఎరుక లేనివాడికి ఎంత ధైర్యం ఉన్నా ప్రయోజనం లేదు. దానికి తోడు జూడోలో నేర్పే పడే పద్ధతులు, కర్రసాము, ఈత, మోటారు సైకిలుపై అదుపు సంపాదించుకోవాలి. వెనక్కి పడేటప్పుడు గడ్డాన్ని ఛాతీకి ఆనించి, ఊపిరి వదులుతూ, ముంజేతులను అరచేతులతో సహా ఒక్కసారిగా పక్కలకు చరచాలి. చేయి చాచి నేలను ఆపబోవడం మనిషి సహజ గుణం, మణికట్టూ జబ్బ ఎముకా విరిగేది కూడా అందువల్లనే. ఆ గుణాన్ని మాన్పించుకోవడానికి పరుపు మీద వేల సార్లు పడవలసి ఉంటుంది.

ఎత్తు నుంచి దూకడంలో లెక్క చాలా సులభం, కాని దానిని మరచిపోతే క్షమించదు. 20 అడుగుల ఎత్తు నుంచి పడిన మనిషి ఒక సెకనుకు కాస్త ఎక్కువ సమయంలో గంటకు దాదాపు 39 కిలోమీటర్ల వేగం అందుకుంటాడు. ఆ వేగం 3 అడుగుల మేర అణిగే ఖాళీ అట్టపెట్టెల మీద ఆగితే శరీరంపై పడే ఒత్తిడి సగటున బరువుకు ఏడెనిమిది రెట్లు ఉంటుంది. రెండు అంగుళాలలో ఆగితే నూట ఇరవై రెట్లు దాటుతుంది. అందుచేత దూకే ముందు ఎంత ఎత్తు అని అడిగితే చాలదు, కింద ఎంత లోతు అణుగుతుంది అని కూడా అడగాలి. అట్టపెట్టెలను పేర్చి, చుట్టూ తాడు కట్టి, పైన పరుపులు వేసిన తరువాత మీరే కిందికి వెళ్ళి అంచులు కదులుతున్నాయేమో చేత్తో తోసి చూడండి. పెట్టెల మీద వీపు ఆనేలా పడాలి. కాళ్ళతో దిగాలని చూస్తే మోకాళ్ళు ముఖానికి తగులుతాయి.

దెబ్బల విషయానికి వస్తే, కెమెరా ఎక్కడ ఉందో తెలియనివాడు ఫైటర్ కాలేడు. పిడికిలి, ముఖం, లెన్స్ ఒకే గీత మీద ఉంటే మధ్యనున్న అరడుగు ఖాళీ తెరపై కనిపించదు; కెమెరా రెండడుగులు పక్కకు జరిగితే అదే దెబ్బ తేలిపోతుంది. దెబ్బ తినేవాడు తల తిప్పడం పిడికిలి ముఖం ముందునుంచి దాటే క్షణంలోనే జరగాలి. ముందుగా తిప్పితే నవ్వులాట, ఆలస్యమైతే నిజంగానే పళ్ళు రాలతాయి.

తాడుకు వేలాడుతూ చేసే రోప్ షాట్లలో ప్రాణం మీ చేతిలో కంటే తాడు లాగేవారి చేతిలో ఎక్కువగా ఉంటుంది. మన సెట్లలో తాడు లాగేది చాలావరకు తోటి ఫైటర్లే కనుక కొత్తవాడు మొదట ఆ పనిలో చేరి లెక్క ప్రకారం లాగడం, దించడం నేర్చుకోవడం మంచిది. తాడుకు తగిలించడానికి ఒంటికి బిగించే హార్నెస్ పట్టీలు తుంటి ఎముకల దగ్గర బిగుతుగా లేకపోతే గాలిలో తలకిందులవుతారు. స్త్రీలకు డూప్‌గా చేసేవారికి ఇంకో ఇబ్బంది ఉంది: పలుచని దుస్తుల కింద ప్యాడ్లు పెట్టుకునే చోటు ఉండదు. ఒకప్పుడు మగవారికే విగ్గు పెట్టి ఈ పని చేయించేవారు. హేమమాలినికి డూప్‌గా చేసిన రేష్మా పఠాన్ వంటివారు ఆ అలవాటును బద్దలు కొట్టారు.

హైదరాబాదులో పని దొరకాలంటే యూనియన్ సభ్యత్వ కార్డు కావాలి. రుసుము, పరీక్ష, రోజు కూలి ఎప్పటికప్పుడు మారుతుంటాయి కనుక దళారి మాట నమ్మి డబ్బు ఇవ్వకుండా యూనియన్ కార్యాలయంలోనే అడిగి తెలుసుకోండి. 2025 ఆగస్టులో 30 శాతం వేతన పెంపు కోరుతూ సినీ కార్మికుల ఫెడరేషన్ షూటింగులు ఆపినప్పుడు రోజు కూలిపై బతికేవారి ఇళ్ళలోనూ సంపాదన ఆగిపోయింది. అందుకే రెండు నెలల ఖర్చు చేతిలో లేకుండా సినీ కార్మికులు ఎక్కువగా ఉండే కృష్ణానగర్‌లో గది తీసుకోవద్దని నా సలహా.

అన్నిటికంటే కష్టమైన విద్య "ఈ షాట్ ఇప్పుడు చేయను, మాస్టర్" అనగలగడం. 2016 నవంబరులో బెంగళూరు సమీపంలోని తిప్పగొండనహళ్ళి జలాశయంలో, హెలికాప్టర్ నుంచి లైఫ్ జాకెట్లు లేకుండా దూకిన ఇద్దరు నటులు మునిగిపోయారు. 2025 జులైలో తమిళనాడులోని నాగపట్నం జిల్లాలో, ర్యాంపు మీదుగా కారును పల్టీ కొట్టించే షాట్‌లో ఎంతో అనుభవం ఉన్న స్టంట్ కళాకారుడు మరణించాడు. అనుభవం కవచం కాదు. నీళ్ళలో రక్షణ పడవ ఎక్కడ ఉంది, అంబులెన్సు గేటు దగ్గరే ఉందా, బీమా పత్రంలో మీ పేరు ఉందా అన్న మూడు ప్రశ్నలు మేకప్ వేసుకోకముందే అడగాలి. రోప్‌లో వేలాడుతూ అడిగితే జవాబు చెప్పే తీరిక ఎవరికీ ఉండదు.

గుర్తింపు మాస్టర్ల స్థాయిలోనే మొదలైంది. జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో పోరాటాల విభాగంలో 2016 సంవత్సరానికి పీటర్ హెయిన్‌కు అవార్డు దక్కింది. 2027లో విడుదలయ్యే చిత్రాల నుంచి ఆస్కార్ కూడా స్టంట్ రూపకల్పనకు పురస్కారం ఇవ్వనుంది. చీరాల దగ్గరి కారంచేడు నుంచి వచ్చిన కవల సోదరులు రామ్-లక్ష్మణ్ ఫైటర్లుగా మొదలై మాస్టర్లయ్యారు. అయితే ఆ మెట్టు అందరికీ అందదు, మోకాళ్ళు మాత్రం అందరివీ అరుగుతాయి. నలభై దాటేలోగా ఒక మాస్టర్ దగ్గర సహాయకుడిగా కుదురుకోవాలన్న ఆలోచనతో, చేసిన ప్రతి షాట్‌కూ ఎత్తు, దూరం, తాడు పొడవు, మనుషుల సంఖ్య ఒక నోటు పుస్తకంలో రాసుకోవడం మొదటి సినిమా నుంచే మొదలుపెట్టండి. సహాయకుడిగా మీకు అప్పగించే తొలి పనుల్లో ఒకటి ఇదే కావచ్చు: మనిషిని ఎక్కించే ముందు అతని బరువుకు సమానమైన ఇసుక బస్తాను అదే తాడుకు కట్టి, అదే మనుషుల చేత రెండుసార్లు లాగించి చూడటం.