రాళ్లలో చిక్కిన వాయువులు - 3వ భాగం: హీలియం లెక్క

పోయిన భాగంలో పులివెందుల పక్కన బ్రాహ్మణపల్లి ఆస్బెస్టాస్ గనుల దగ్గర ఆగాం కదా, అక్కడి నుంచే మొదలుపెడదాం. సుమారు 188 కోట్ల ఏళ్ల కిందట వేంపల్లె డోలమైట్ (సున్నపురాయి లాంటిది) పొరల మధ్యకి కరిగి కాగుతున్న డోలరైట్ (నల్లటి అగ్నిశిల) దూరింది, ఆ వేడికి డోలమైట్ కాస్తా సర్పెంటైన్ అనే పచ్చటి ఖనిజం, ఆస్బెస్టాస్ అయింది. వేడి ఒక్కటే చాలదు, నీళ్లూ సిలికా కూడా కావాలి. మరి ఆ నీళ్లు డోలరైట్‌తో పాటు అడుగు నుంచి వచ్చాయా, పక్క పొరల్లో ఉన్నవేనా? రంగు చూసి చెప్పలేం. లోపల చిక్కిన గ్యాస్‌ని అడగాలి.

హీలియంలో తేలిక రకం హీలియం-3, అది చాలావరకు భూమి పుట్టినప్పటి పాత సరుకు. బరువు రకం హీలియం-4 అలా కాదు, యురేనియం, థోరియం ఉన్నచోటల్లా పుడుతూనే ఉంటుంది. ఒక్క యురేనియం-238 పరమాణువు సీసంగా మారేలోపు ఎనిమిదింటిని వదులుతుంది. అందుకే 3ని 4తో భాగిస్తే వచ్చే నిష్పత్తి, గాలిలో 1 అనుకుంటే, సముద్ర గర్భంలో పైకొచ్చే మాంటిల్ (భూపటలం అనే పై పెంకుకి అడుగునున్న పొర) రాళ్లలో 8 దాకా ఉంటుంది, పాత భూపటలంలో 0.02 దగ్గరే.

మీ నమూనాలో 0.5 వచ్చిందనుకోండి. 0.02 తీసేస్తే 0.48, దాన్ని 7.98తో భాగిస్తే 0.06. అంటే నూటికి ఆరు పాళ్లు మాంటిల్‌ది. హీలియంలో ఆరు పాళ్లు, నీళ్లలో కాదు! చాలామంది ఇక్కడే జారతారు. గాలి కలిసిందేమో ముందు నియాన్‌తో చూసుకోవాలి, అది మొదటి భాగంలో చెప్పేశాను.

మన రాళ్లతో అసలు తంటా వయసు. ఇన్ని కోట్ల ఏళ్లు ఖనిజంలోనే హీలియం-4 పోగుపడి పాత గుర్తుని ముంచేస్తుంది. అందుకే రాయిని ముందే కరిగించకుండా, వాక్యూమ్‌లో నలగ్గొట్టి ద్రవబుడగల్లోని (ఖనిజం లోపల చిక్కిన పాత నీటి చుక్కల్లోని) గ్యాస్‌నే మొదట తీస్తారు.

ఇంకోటి, ముక్కని గుట్ట నెత్తి నుంచి తేవద్దు. కాస్మిక్ కిరణాలు తగిలిన రాయిలో కొత్తగా హీలియం-3 పుడుతుంది, క్వారీలో రెండు మూడు మీటర్ల లోపలి ముక్కే తీయండి. నేను మొదటిసారి ఎండలో మెరుస్తున్న ముక్కని మురిపెంగా పట్టుకెళ్తే, ల్యాబ్‌లో ఒక పెద్దాయన చూసి "గడప ముందర పెట్టుకో నాయనా, బాగుంటుంది" అన్నాడు.

హోంవర్క్: ఒకే రాయి, నలగ్గొడితే 0.3, ఆ పొడినే కరిగిస్తే 0.04. ద్రవం సంగతి తేల్చడానికి ఏ అంకె తీసుకుంటారు, ఎందుకు? జవాబు రాసుకుని ఉంచండి, వచ్చే భాగంలో రాతి పగుళ్లలో నిండిన కాల్సైట్ చారల్లోని కార్బన్‌తో పోల్చి చూద్దాం.