కెనడా పీఆర్‌కు ఎఫ్‌బీఐ రిపోర్టు: వేలిముద్రలు ఎక్కడ ఇవ్వాలి, ఎలా ఇవ్వాలి

హెచ్‌-1బీ మీద అమెరికాలో ఉంటూ ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో (పాయింట్ల ఆధారంగా పీఆర్‌కు ఎంపిక చేసే కెనడా పద్ధతి) అప్లై చేసేవాళ్లకు ఐటీఏ, అంటే అప్లై చేయమనే ఆహ్వానం, వచ్చాక మిగిలేది 60 రోజులు. ఆ లోపు పెట్టాల్సినవాటిలో ఒకటి, అమెరికా పోలీస్ సర్టిఫికెట్‌గా చెల్లే ఎఫ్‌బీఐ రిపోర్టు. దాని దగ్గర ఆలస్యమైందంటే సాధారణంగా కారణం రెండింట్లో ఒకటి: వేలిముద్రలు ఇవ్వకూడని చోట ఇచ్చి ఉంటారు, లేదా మెషిన్ చదవలేని వేళ్లతో వెళ్లి ఉంటారు.

18 ఏళ్లు నిండాక, గత 10 ఏళ్లలో ఏ దేశంలోనైనా వరుసగా 6 నెలలు ఉంటే కెనడా ఆ దేశపు పోలీస్ సర్టిఫికెట్ అడుగుతుంది. అమెరికాకు సంబంధించి మీ ఊరి పోలీసులో, రాష్ట్రమో ఇచ్చే కాగితం పనికిరాదు. ఎఫ్‌బీఐ ఇచ్చే ఐడెంటిటీ హిస్టరీ సమ్మరీయే కావాలి. ఇప్పుడు మీరుంటున్నది అమెరికాలోనే అయితే ఆ రిపోర్టు అప్లికేషన్ వేసే రోజుకు 6 నెలల లోపుదై ఉండాలి. భార్యాభర్తలిద్దరికీ వేర్వేరుగా తీసుకోవాలి.

ముందు దారి ఎంచుకోవాలి. త్వరగా అవుతుందని గూగుల్‌లో పైన కనిపించే 'ఛానెలర్' కంపెనీలకు డబ్బు కట్టకండి. ఎఫ్‌బీఐ ఆమోదించిన ఛానెలర్లు అమెరికా పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు మాత్రమే ఈ రిపోర్టు తెప్పించగలరు. హెచ్‌-1బీ, హెచ్‌4, ఎఫ్‌1 మీద ఉన్నవాళ్లు నేరుగా ఎఫ్‌బీఐకే అప్లై చేయాలి. వీధిలో 'లైవ్ స్కాన్' (మెషిన్‌తో వేలిముద్రలు తీయడం) బోర్డు ఉన్న షాపుకు వెళ్లినా చిక్కే. కాలిఫోర్నియాలో లైవ్ స్కాన్ అంటే ఫారం మీది ఓఆర్ఐ కోడ్ (సంస్థను గుర్తించే కోడ్) ఏ సంస్థదో జవాబు ఆ సంస్థకే పోతుంది. నర్సింగ్ లైసెన్సుకో టీచర్ ఉద్యోగానికో అది సరైన దారి, కెనడాకు కాదు. అలాంటి షాపులో మీ పని ఒక్కటే: ఎఫ్‌డీ-258 అనే వేలిముద్రల కార్డు మీద ముద్రలు ప్రింట్ చేయించుకుని, దాన్ని మీరే ఎఫ్‌బీఐకి పోస్టు చేయడం. అమెరికా ఇమిగ్రేషన్ సంస్థ యూఎస్‌సీఐఎస్ బయోమెట్రిక్స్‌కు గతంలో ఇచ్చిన ముద్రలు దీనికి లెక్కలోకి రావు.

అమెరికాలో ఉన్నవాళ్లకు సులువైనది పోస్టాఫీసు. వరస తప్పకూడదు. ముందు ఈడీఓ డాట్ సీజేఐఎస్ డాట్ గవ్ సైట్‌లో రిక్వెస్టు పెట్టి 18 డాలర్లు కట్టండి. ధ్రువీకరణ మెయిల్ వచ్చాక, దాన్నీ పాస్‌పోర్టునూ పట్టుకుని ఈ సేవ ఉన్న పోస్టాఫీసుకు వెళ్లండి. అన్ని పోస్టాఫీసుల్లోనూ ఈ మెషిన్ ఉండదు, జాబితా చూసుకుని, బయల్దేరే ముందు ఒక ఫోన్ కొట్టడం మంచిది. అక్కడ పోస్టాఫీసు ఫీజు విడిగా కట్టాలి. మెయిల్ లేకుండా ముందే వెళ్తే తిప్పి పంపేస్తారు.

రిక్వెస్టులో పేరు రాసేటప్పుడు మనవాళ్లు కాస్త ఆగాలి. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉండి, వీసా మీద ఎఫ్ఎన్‌యూ ('మొదటి పేరు తెలియదు' అని) పడ్డవాళ్లు ఉంటారు. మార్కుల లిస్టులో ఇంటిపేరు ముందు, పాస్‌పోర్టులో వెనక ఉన్నవాళ్లూ ఉంటారు. ఏది 'సరైన' పేరన్న వాదన ఇక్కడ అనవసరం. కెనడా ప్రొఫైల్‌లో ఏ పేరు ఎలా పెట్టారో ఇక్కడా అక్షరం పొల్లుపోకుండా అదే పెట్టండి. రిపోర్టు మీద మీరిచ్చిన పేరే వస్తుంది. పుట్టినతేదీ దగ్గర నెల ముందు, రోజు తర్వాత.

ఇక వేళ్లు. స్కానర్ గాజు మీద వేలు పెడితే, చర్మం మీది మిట్టగీతలు గాజుకు ఆనిన చోట నల్లగా, మధ్య పల్లాలు తెల్లగా పడతాయి. చర్మం పొడిబారితే గీత గాజుకు సరిగా ఆనక చుక్కలు చుక్కలుగా తెగిపోతుంది. చెమట పట్టినా, గట్టిగా అదిమినా పల్లాలు పూడి ముద్ర నల్లటి మచ్చలా పడుతుంది. రెండూ తిరస్కరణకు దారితీసేవే. అందుకే వారం ముందు నుంచీ రాత్రిళ్లు వేళ్లకు మాయిశ్చరైజర్ రాయండి, అంట్లు తోమేటప్పుడు గ్లోవ్స్ వేసుకోండి. వెళ్లే రోజు మాత్రం ఏమీ రాయకండి, జిడ్డు గాజు మీద అంటుకుంటుంది. అక్కడికి వెళ్లాక వేళ్లు మరీ పొడిగా ఉంటే తడిగుడ్డతో ఒకసారి తుడవండి, చెమటగా ఉంటే స్పిరిట్ స్వాబ్‌తో తుడిచి ఆరనివ్వండి. ఆషాఢంలోనో పెళ్లికో గోరింటాకు పెట్టుకుని ఉంటే వేలికొసల మీది ఎరుపు పోయేదాకా ఆగడం మేలు. కొసలకు టోపీల్లా పెట్టుకునే అలవాటుంటే ఈసారికి అరచేతి చందమామతో సరిపెట్టుకోండి. వేలు తెగి ఉంటే మానేదాకా వాయిదా వేయండి. క్యాన్సర్‌కు కేపెసిటబిన్ మందు వాడేవారిలో గీతలు అరిగిపోవచ్చు, అలాంటివాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి.

మెషిన్ దగ్గర చెయ్యి వదులుగా ఉంచండి. సిబ్బంది వేలు పట్టుకుని తిప్పుతుంటే మీరు కూడా సాయం చేయబోతే ముద్ర జారిపోతుంది, అటువైపు చూడకుండా ఉంటే చెయ్యి దానంతటదే వదులవుతుంది. దొర్లించి తీసే పద్ధతిలో గోరు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఒకే ఊపులో తిప్పాలి. బొటనవేళ్లను శరీరం వైపు, మిగతా వేళ్లను బయటికి. కొస ఒక్కటే కాదు, మొదటి కణుపు దాకా పడాలి. సుడి మధ్యభాగం, దాని పక్కన గీతలు మూడు దిక్కులకు చీలే చోటు, ఈ రెండూ కనబడితేనే నిపుణులకు ఉపయోగం. స్క్రీన్ మీద ముద్ర పాలిపోయి కనిపిస్తే 'మళ్లీ తీయండి' అని అక్కడే అడగండి, మొహమాటపడకండి.

ముద్రలు అందాక రిపోర్టు సాధారణంగా కొద్ది రోజుల్లోనే మెయిల్‌లో లింకుగా వస్తుంది. తెరవడానికి పిన్ కావాలి కాబట్టి ఎఫ్‌బీఐ పంపిన ఏ మెయిలూ డిలీట్ చేయకండి, స్పామ్ కూడా చూడండి. పీడీఎఫ్‌ను వెంటనే దాచుకోండి. కెనడాకు అపొస్టిల్ (పత్రం వేరే దేశంలో చెల్లేలా వేసే ప్రభుత్వ ధ్రువీకరణ) అక్కర్లేదు. మరో దేశానికి వాడుతూ అది కావాల్సి వస్తే, ఇది ఫెడరల్ పత్రం కాబట్టి అమెరికా విదేశాంగ శాఖ దగ్గరే చేయించాలి, రాష్ట్రం దగ్గర కాదు.

ఇండియాకు తిరిగి వచ్చేసినవాళ్లకు పోస్టాఫీసు దారి లేదు. ఆన్‌లైన్‌లో అదే రిక్వెస్టు పెట్టి, ఎఫ్‌డీ-258 లేదా ఎఫ్‌డీ-1164 ఫారం ప్రింట్ తీసి (మామూలు తెల్లకాగితం చాలు), వేలిముద్రలు తీయడంలో చెయ్యి తిరిగినవాళ్ల దగ్గర నల్ల ఇంకుతో వేయించుకోండి. స్టాంపు ప్యాడ్ ఇంకు వద్దు, పాకిపోతుంది. ఇంకు పల్చగా పరచాలి. ఒక్క సెట్టుతో ఊరుకోకుండా రెండు మూడు సెట్లు వేయించి, ధ్రువీకరణ మెయిల్ ప్రింట్‌తో కలిపి మడత పెట్టకుండా పంపండి. ఒక సెట్టు సరిగా లేకపోతే ఇంకో సెట్టు చూస్తారు. ఫోటోకాపీలు పనికిరావు. చిరునామా: ఎఫ్‌బీఐ సీజేఐఎస్ డివిజన్, 1000 కస్టర్ హాలో రోడ్, క్లార్క్స్‌బర్గ్, వెస్ట్ వర్జీనియా 26306. కవరు మీద ఇది ఇంగ్లిష్‌లోనే రాయాలి. ట్రాకింగ్ ఉన్న కొరియరే వాడండి.