చలికాలం చివర్లో క్రికెట్ పిచ్‌ను ఎలా బాగుచేయాలి?

నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు ఏప్రిల్ టోర్నమెంట్లలో బంతి మడమల దగ్గర పాకుతుంటే అందరూ ఎండను తిడతారు. ఎండ తప్పేం లేదు. ఫిబ్రవరిలో ఎవరో పచ్చి తడి మీద రోలర్ తిప్పి ఉంటారు, లేదా రోలరే తిప్పకుండా వదిలేసి ఉంటారు. గడ్డి పిచ్‌కు ఏడాదిలో అన్నిటికన్నా ముఖ్యమైన పని ఈ రోజుల్లోనే ఉంటుంది.

రథసప్తమికి మొదలుపెట్టాలి. అంతకుముందు గీరితే గరిక తిరిగి చిగురించదు, ఎందుకంటే రాత్రి చలి 15 డిగ్రీలకు కిందున్నన్నాళ్లూ అది దాదాపు ఎదగదు. శివరాత్రికి చలి శివశివా అని పోతుందంటారు. అప్పటికి కోత, గీరడం, మట్టి చల్లడం పూర్తయి ఉండాలి. రోలింగ్ ఆ తర్వాత.

కావలసినవి: సుతిలి తాడు, నాలుగు మేకులు, ఇనుప పళ్ల రేక్, గట్టి చీపురు, 3 మిల్లీమీటర్ల జల్లెడ, దిమ్మిస, సిలిండర్ మోవర్ (తిరిగే బ్లేళ్ల డ్రమ్ముతో గడ్డిని సమంగా కోసే యంత్రం), పొడవాటి స్క్రూడ్రైవర్, రెండు రోలర్లు. పెద్ద రోలర్ కొననక్కర్లేదు. రెండడుగుల వ్యాసం, మూడడుగుల పొడవున్న ఇనుప గొట్టంలో కాంక్రీటు నింపితే 600 కిలోల దాకా వస్తుంది. చిన్నది 250 కిలోలు ఉంటే చాలు.

1. కోత

గరికను 12 మిల్లీమీటర్లకు దించండి. ఒకేసారి కాదు, రెండు మూడు కోతల్లో. ప్రతిసారీ ఎత్తులో మూడో వంతు మించి తీయొద్దు. కోసిన గడ్డిని పిచ్ మీద వదలొద్దు. భుజానికి తగిలించుకుని పొదలు కొట్టే బ్రష్ కట్టర్‌ను పిచ్ మీదికి రానీయకండి. అది ఒకచోట మొదలు దాకా చెక్కుతుంది, పక్కన పొడవుగా వదిలేస్తుంది.

2. గీరడం

రేక్‌తో పిచ్ పొడవునా మాత్రమే, 3-4 మిల్లీమీటర్ల లోతున గీరండి. గోధుమరంగు ఎండు పీచు పైకొస్తుంది. ఆ పీచు పొర మట్టికీ బంతికీ మధ్య మెత్తలా ఉండి బౌన్స్‌ను మింగేస్తుంది. మొత్తం ఊడ్చి బయట పడేయండి. తుంగ కనిపిస్తే గడ్డతో సహా తవ్వాలి, పీకితే లోపలి గడ్డ మళ్లీ మొలుస్తుంది.

3. మట్టం, గుంతలు

పిచ్ 20.12 మీటర్ల పొడవు, 3.05 మీటర్ల వెడల్పు. తాడు బిగించి, మేస్త్రీలు వాడే పొడవాటి అల్యూమినియం పట్టీ ఆనించి చూడండి. 5 మిల్లీమీటర్లు మించిన పల్లాలకు గుర్తు పెట్టండి. ఊడ్చిన మట్టి ఏళ్ల తరబడి పక్కలకు చేరి అంచులు ఎత్తవుతాయి, నీళ్లు మధ్యలో నిలుస్తాయి. ఆ ఎత్తును చెక్కేయాలి.

బౌలర్ల కాళ్ల గుంతల్లో వదులు మట్టి తీసేసి, అడుగు గీరి, తడిపి, చెమ్మగా ఉన్న మట్టిని 2 సెంటీమీటర్ల పొరలుగా వేసి దిమ్మిసతో కొట్టండి. ప్రతి పొర పైభాగాన్నీ గీరాకే తర్వాతి పొర వేయాలి. లేదంటే మొదటి మ్యాచ్‌లోనే పెళ్లగా లేస్తుంది.

4. మట్టి చల్లడం

పిచ్‌లో ఏ మట్టి ఉందో అదే మట్టి చల్లాలి. వేరే మట్టి పడితే అది వేరే పొరగా నిలుస్తుంది, వేళ్లు ఆ పొర దగ్గరే ఆగిపోతాయి. టీవీలో వాంఖడే ఎర్రమట్టి చూసి మన చల్క తెచ్చి పోసేవాళ్లున్నారు. ఆ ఎర్రమట్టిలో బంక ఉంటుంది, మన చల్కలో ఇసుకే ఎక్కువ. రంగు చూసి మట్టిని ఎంచుకోకూడదు. చెరువు మట్టి కూడా అంతే. ఒక మూల మంచి బంకమట్టి దొరికితే, ఇంకో మూల ఇసుక మేట, తుంగ గడ్డలు.

పరీక్ష సులువు. మట్టిని బాగా తడిపి పిసికి, అంగుళం వ్యాసమున్న ఉండలు చేసి నీడలో పూర్తిగా ఆరనివ్వండి. చేత్తో నలిపితే పగిలే ఉండ పనికిరాదు. చెక్క కింద పెట్టి 45 కిలోల బరువు మోపినా పగలని మట్టి ఊరి మైదానానికి సరిపోతుంది.

ఎండిన మట్టిని జల్లించి, పిచ్ మొత్తానికి 150 కిలోల వరకు చల్లండి. అది సుమారు 2 మిల్లీమీటర్ల పొర అవుతుంది. చీపురుతో గడ్డిలోకి తోయండి, గరిక కొనలు పైకి కనిపించాలి.

5. ఎరువు, నీళ్లు

గరిక పచ్చబడటం మొదలయ్యాకే యూరియా వేయాలి. చదరపు మీటరుకు 10 గ్రాముల లెక్కన పిచ్‌కు మొత్తం 600 గ్రాములు, రెండు వారాల ఎడంతో రెండు సార్లుగా. వేసిన వెంటనే నీళ్లు పెట్టండి, పలుకు ఆకు మీద ఉండిపోతే మాడుస్తుంది. సున్నం ఎక్కువున్న నల్లరేగడిలో లేత ఆకులు పసుపెక్కితే అది ఇనుము లోపం. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి పిచికారీ చేయండి.

నల్లగొండ నీళ్లంటే అందరికీ ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. పిచ్‌ను పాడుచేసేది మాత్రం బోరు నీళ్లలోని ఉప్పు, సోడియం. పైన తెల్లగా పొక్కు కడుతుంటే నీళ్లూ మట్టీ రెండూ పరీక్ష చేయించి, జిప్సం మోతాదు అక్కడే అడగండి. కాలువ నీళ్లో చెరువు నీళ్లో అందేచోట బోరు జోలికి పోవద్దు.

6. రోలింగ్

ఇప్పటిదాకా చెప్పినవాటిలో చిన్న పొరపాటు జరిగినా సర్దుకోవచ్చు. ఇక్కడ తప్పితే సీజన్ మొత్తం పోతుంది.

ముందు పిచ్‌ను 10 సెంటీమీటర్ల లోతు వరకు సమంగా తడపాలి. అందుకు 25 మిల్లీమీటర్ల నీళ్లు, అంటే దాదాపు 1,500 లీటర్లు పడతాయి. బంకమట్టి నీళ్లను మెల్లగా తాగుతుంది. పైపుకు జల్లు మూతి బిగించి, అరగంట ఎడంతో నాలుగు విడతలుగా పెట్టండి. స్క్రూడ్రైవర్ అన్నిచోట్లా ఒకే లోతుకు దిగితే తడి సమంగా ఉన్నట్టు.

తర్వాత ఆగాలి. ఒక రోజా, మూడు రోజులా అన్నది మట్టే చెప్పాలి. ఫిబ్రవరిలో పగటి ఎండ 30 డిగ్రీలు దాటుతుంది, గాలి పొడిగా ఉంటుంది. పైన కొన్ని గంటల్లోనే ఆరినట్టు కనిపిస్తుంది, రెండంగుళాల కింద ఇంకా బురదే. పైరంగు చూసి రోలర్ ఎక్కించేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.

కత్తితో 5 సెంటీమీటర్ల లోతు నుంచి మట్టి తీసి అరచేతుల మధ్య దారంలా పేనండి. 3 మిల్లీమీటర్ల సన్నానికి వచ్చేసరికి అది చిట్లడం మొదలుపెడితే పదును, అంటే రోలింగ్‌కు సరైన తడి, కుదిరినట్టే. దారం నున్నగా సాగి వంగుతుంటే ఇంకా తడి ఉంది, ఆగండి. దారమే రాకపోతే పదును దాటిపోయింది, మళ్లీ తడపాల్సిందే. జొన్నరొట్టె పిండి ఉంటుంది చూడండి, అదిమితే నిలుస్తుంది, అంచులు చీలతాయి. మట్టి ఆ స్థితిలో ఉండాలి. రెండు చివరలా, మధ్యలోనూ చూడండి. చెట్టు నీడ పడే చివర ఒక రోజు వెనకబడుతుంది. అప్పుడు ఆ చివర కోసమే ఆగాలి.

తడి ఎక్కువున్నప్పుడు రోలర్ మట్టిని అణచదు, పక్కలకు నెడుతుంది. రోలర్ ముందు చిన్న అలలా మట్టి లేస్తుంటే వెంటనే ఆపేయండి. ఆకులు బురదలో కూరుకుపోతాయి, పైన నిగనిగలాడే పొర ఏర్పడుతుంది. ఎండాక ఆ పొర పెళ్లగా విడిపోతుంది, కింద బోలు. బంతి పాకేది అందుకే. మరీ ఎండిన మట్టి మీద తిప్పితే గడ్డి నలగడం తప్ప ఏమీ జరగదు.

పదును కుదిరాక, మంచు తడి ఆరిన తర్వాత, మొదట చిన్న రోలర్. అడ్డంగా, ఐమూలగా తిప్పితే ఎత్తుపల్లాలు సర్దుకుంటాయి. ఆ తర్వాత పొడవునా. ప్రతి వరస ముందటి వరసలో సగం మీదికి రావాలి. ఈ చివర నుంచి ఆ చివరకు చేరడానికి కనీసం ఒక నిమిషం పట్టాలి. పరుగెత్తించిన రోలర్ బరువు లోపలికి దిగదు. రోలర్‌ను పిచ్ బయటే తిప్పుకోవాలి. ఇరవై నిమిషాలు చాలు. మర్నాడు మళ్లీ దారం పేని చూసి, ఇంకా పదునుంటే పెద్ద రోలర్ పొడవునా పది సార్లు. అదే తడి మీద గంటల తరబడి తిప్పినా అదనంగా అణిగేది చాలా తక్కువ. తడపడం, ఆరనివ్వడం, రోలింగ్ కలిపి మూడు సార్లు చేస్తే మట్టి లోపలి దాకా బిగుస్తుంది.

రోడ్డు పని జరుగుతోందని కాంట్రాక్టర్‌ను బతిమాలి రోడ్డు రోలర్ తెప్పించొద్దు. టన్నుల బరువుకు తోడు అదురు కూడా ఉంటే గరిక వేళ్లకు చోటే మిగలదు. వేళ్లు లేని నల్లరేగడి ఏప్రిల్ ఎండకు చెయ్యి పట్టేంత వెడల్పున నెర్రెలిస్తుంది. పేడనీళ్లతో అలికి నెర్రెలు కప్పినా పది ఓవర్లలో ఆ పొర లేచిపోతుంది.

బ్యాట్ పిడితో కొడితే పిచ్ అంతటా ఒకేలా ఖంగుమనాలి. ఎక్కడైనా బోలుగా వినిపిస్తే అక్కడ లోపల పెళ్ల విడిపోయినట్టు. ఆ ముక్క వరకు తవ్వి, గుంతలకు చెప్పినట్టే పొరలుగా నింపండి. అంతా ఒకేలా మోగుతుంటే రోలింగ్ ఆపేసి, మ్యాచ్ వారం దాకా గరికకు నీళ్లు మాత్రం పెడుతూ ఉండండి. రోలర్‌ను రాత్రి పిచ్ మీద నిలిపి వెళ్లొద్దు, దాని కింద తెల్లారేసరికి గాడి పడుతుంది.