వెన్స్ అంటే ‘ఎప్పుడు’ కాదు

పాత ఇంగ్లీషు పుస్తకాల్లో ‘వెన్స్’ (whence) అనే మాట తగులుతుంది. స్పెల్లింగ్ చూడగానే మనకి ‘వెన్’ గుర్తొచ్చి, ‘ఎప్పుడు’ అనుకుని ముందుకెళ్ళిపోతాం, ఇక ఆ వాక్యం ఎన్నిసార్లు చదివినా కుదరదు. నేనూ చాలాకాలం అలాగే చదివాను. దానర్థం ‘ఎక్కడి నుంచి’, అంతే.

నిజానికి తెలుగువాళ్ళకి ఇది తేలిక. మనం ఇక్కడ, ఇక్కడికి, ఇక్కడి నుంచి అని మూడు రకాలుగా అంటాం కదా, ఒకప్పుడు ఇంగ్లీషులోనూ ఈ మూడింటికీ వేరువేరు మాటలుండేవి: హియర్, హిదర్, హెన్స్. అక్కడ అనడానికి దేర్, దిదర్, దెన్స్. ప్రశ్నకైతే వేర్, విదర్, వెన్స్. మధ్యలో ఉన్న హిదర్, విదర్ గుర్తుండకపోతే హైదరాబాద్ ఆటో అన్నల ‘ఇధర్’, ‘కిధర్’ తలుచుకోండి (చుట్టరికం కలపడం లేదు, గుర్తుకోసం చెప్తున్నా).

ఇందులో హెన్స్ మనకి పాత నేస్తమే. లెక్క ఎలాగోలా తేల్చి, కింద ‘హెన్స్ ప్రూవ్డ్’ అని రాసి గీత కొట్టేవాళ్ళం కదా, అక్కడ ‘ఇక్కడి నుంచి’ అన్నదే ‘కాబట్టి’ అయి కూర్చుంది. వెన్స్ కూడా చోటు ఒక్కటే కాదు, మూలాన్నీ కారణాన్నీ చెబుతుంది.

ప్రశ్నలో కనిపిస్తే ‘ఎక్కడి నుంచి’ పెట్టి చూడండి, సరిపోతుంది. ప్రశ్న కాకపోతే మాత్రం అలా పెడితే ఎబ్బెట్టుగా ఉంటుంది. ‘హీ రిటర్న్‌డ్ వెన్స్ హీ కేమ్’ అంటే ‘వచ్చిన చోటికే తిరిగి వెళ్ళాడు’. మన ‘వచ్చిన’లోనే ఆ వెన్స్ ఇమిడిపోయింది.

అసలు పేచీ ‘ఫ్రమ్ వెన్స్’ దగ్గర. వెన్స్‌లోనే ‘నుంచి’ ఉంది కాబట్టి ఫ్రమ్ చేరిస్తే ‘ఎక్కడి నుంచి నుంచి’ అన్నట్టు అవుతుందని పట్టింపున్నవాళ్ళు ఒప్పుకోరు. కానీ 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో 121వ కీర్తన మొదటి వచనంలోనే అది ఉంది, తెలుగు బైబిల్లో అదే చోట ‘ఎక్కడనుండి’ అని చదువుతాం. కాబట్టి దాన్ని ఘోరమైన తప్పనడం అతి అని నా అభిప్రాయం. అయినా పరీక్షలో తప్పు పట్టమని ఇస్తే మాత్రం మారుమాట్లాడకుండా ఫ్రమ్ కొట్టేయండి.

ఇక వాడకం అంటారా, సరదాకైతే వాడండి. ఆఫీసు మెయిల్లో ‘వెన్స్ డిడ్ యూ గెట్ దిస్ ఫైల్’ అని అడిగితే ఫైల్ సంగతి పక్కనపెట్టి వారం రోజులు మిమ్మల్నే ఆటపట్టిస్తారు. ‘వేర్’తో మొదలుపెట్టి చివర ‘ఫ్రమ్’ తగిలిస్తే పనైపోతుంది.