మందు రుచి పడనోళ్లు దావత్‌ల ఏం తాగాలె, తియ్య కల్లు ఎట్ల చూసి తీస్కోవాలె?

మందు చేదు పడనోళ్లు చాలమంది విస్కీల థమ్సప్ కలుపుకొని ముక్కు మూసుకొని మింగుతరు. గట్ల చెయ్యకుండ్రి. రుచి దాస్తే ఎంత లోపలికి పోయిందో లెక్క దొరకది.

ముందుగాల అసలు తాగబుద్ధి అయితున్నదా లేదా తేల్చుకోండ్రి. లేకుంటే నిమ్మకాయ సోడాల ఉప్పేసుకొని కూసోండ్రి, అయిపాయె. 21 ఏండ్లు నిండనోళ్లకు గదొక్కటే.

సీసాదే కావాలంటే లేబుల్ చదువుండ్రి. మన దగ్గర విస్కీ, రమ్ము, వోడ్కాల మామూలుగ 42.8 శాతం ఆల్కహాల్ ఉంటది. వాసన రాదని వోడ్కాను స్ప్రైట్‌ల పోసిస్తరు, తియ్యగున్నదని గటగట తాగుతరు, లేస్తే కాళ్లు తేలిపోతయి. 8 శాతం స్ట్రాంగ్ బీరు 650 ఎం.ఎల్. సీసా అంటే దాదాపు రెండు 60 ఎం.ఎల్. పెగ్గులతోని సమానం. అందుకే లైట్ బీరు, అదీ బాగ సల్లగున్నది, మెల్లగ తాగాలె.

నన్నడిగితే నల్గొండ, పాలమూరు దిక్కున్నోళ్లు సీసాల జోలికే పోవద్దు, చలికాలం పొద్దుగాల ఈత కల్లు తాగాలె. కాకపోతే అందరు తప్పు చేసేది ఈడనే, జర ఆగి చదువుండ్రి.

పొద్దు పొడవక ముందే చెట్టు కాడికి పోండ్రి. "గౌడన్నా, ఇది రాత్రి పారిందేనా, నిన్నటిది కలిసిందా?" అని అడుగుండ్రి. కొత్తది పల్చగ ఉంటది, నురుగు తక్కువ, తియ్యటి వాసన. తెల్లగ చిక్కపడి, నురుగు పొంగి, పుల్లవాసన కొడితే పులిసినట్టే. చెట్టు మీదిదాంట్ల మత్తే ఉండదంటరు గని అది తప్పు, లొట్టిల (చెట్టుకు కట్టే కుండల) పడ్డకాడ నుంచే పులుసుడు షురువైతది. మత్తు అసలే వద్దంటే నీరా అడుగుండ్రి, అది లొట్టి లోపల సున్నం పూసి పులవకుంట తీస్తరు.

ఆన్నే రేక (తాటాకు దొప్ప) పట్టి తాగాలె, గ్లాసుల తాగితే నాకైతే కల్లు తాగినట్టే ఉండదు. ప్లాస్టిక్ సీసాల నింపి మూత బిగించి బండికి తగిలించుకోకుండ్రి, గ్యాస్ పట్టి పగుల్తది, ఇంటికొచ్చేసరికి పుల్లగైతది గూడ.

ఇంకోటి, బాగ యాదిపెట్టుకోండ్రి. కల్లుల ఉన్న తీపి పులుస్తున్నకొద్ది తగ్గుతది. మరి సాయంత్రం కల్లు కాంపౌండ్ల (దుకాణంల) దొరికేది గంత తియ్యగ ఎట్లున్నది? శాకరిన్ కలిపి ఉండొచ్చు. అసొంటి కల్తీ కల్లుల మత్తు కోసం క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రాజోలం కలిపిన కేసులు మన జిల్లాలల్ల ఎన్నో దొరికినయి. దానికి అలవాటు పడ్డోళ్లు ఒక్కసారి ఆపితే చేతులు వణికి, ఫిట్స్ వచ్చి, పిచ్చి మాటలు మాట్లాడుకుంట దవాఖానల పడుతరు. ఇంట్ల అసొంటోళ్లుంటే జబర్దస్తీగ ఆపియ్యకుండ్రి, డాక్టర్ కాడికి తీస్కపోండ్రి.

ఖాళీ కడుపుతోని తాగొద్దు, ముందుగాల గుడాలు తినుండ్రి. వచ్చేటప్పుడు బండి తాగనోని చేతికియ్యిండ్రి, పొద్దుగాలదే గదా అని చాబీ మీరే పట్టుకోకుండ్రి.