కాలేజీ ఫుట్‌బాల్ మ్యాచ్‌లో స్టాండ్స్ అంతా ఒకే రంగులో కనబడాలంటే ఏం చేయాలి?

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తే అమెరికన్ ఫుట్‌బాల్. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని బీవర్ స్టేడియంలో లక్షమందికి పైగా పడతారు. ఏడాదిలో ఒక మ్యాచ్‌కి వాళ్లంతా తెల్లబట్టల్లో వస్తారు. రాత్రి ఫ్లడ్‌లైట్ల కింద చూస్తే పత్తిచేను మొత్తం ఒక్కసారే పగిలినట్టు ఉంటుంది. పెన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్లు దీన్ని ‘వైట్ ఔట్’ అంటారు. టీవీలో అది చూసిన ప్రతి కాలేజీకీ మనమూ చేద్దామనిపిస్తుంది. ఒక పోస్టర్ వేసి ‘అందరూ ఫలానా రంగు వేసుకు రండి’ అని ఊరుకుంటారు. తీరా మ్యాచ్ రోజు చూస్తే స్టాండ్స్ కలగాపులగం.

నేను చదువుకున్న చోట (పేరెందుకు లెండి) అదే జరిగింది. నవంబరు రాత్రి మ్యాచ్‌కి నలుపు రంగు అన్నారు. చాలామంది వేసుకునే వచ్చారు కూడా. కానీ టీవీలో అవి ఖాళీ సీట్లలా కనిపించాయి. చలికి జాకెట్లు వేసుకున్నాక ఆ కాస్త నలుపూ పోయింది. రంగు చెప్పడం సులువే, జనం చేత వేయించడమే అసలు పని. అది ఇలా మొదలుపెట్టండి.

1. బీరువాలో ఉన్న రంగు ఎంచుకోండి

తెలుపు అంతగా పనిచేయడానికి కారణం ఇదే. తెల్ల టీషర్టో చొక్కానో లేని ఇల్లుండదు, కాబట్టి ఎవరూ కొనక్కర్లేదు. పైగా లైట్ల కింద తెలుపు మెరుస్తుంది. మీ కాలేజీ రంగు ముదురు ఎరుపో పసుపో అయితే పాత అభిమానుల దగ్గర ఎలాగూ ఉంటుంది, అదీ మంచిదే. బూడిద రంగు మాత్రం వద్దు. ఒకరిది సిమెంటు రంగు, ఇంకొకరిది దాదాపు నలుపు, దూరం నుంచి మాసినట్టు కనిపిస్తుంది. నలుపే కావాలనుకుంటే పగటి మ్యాచ్‌కి పెట్టుకోండి.

అవతలి జట్టు రంగు కూడా చూసుకోవాలి. నెబ్రాస్కా యూనివర్సిటీ అభిమానులు ఎర్రబట్టలతో వేరే ఊళ్లకీ పెద్ద సంఖ్యలో వెళ్తారు. వాళ్లొచ్చే రోజున మీరూ ఎరుపే అంటే ఎవరు ఎవరో తెలియదు. కాస్త వేరే ఛాయ అయితే కుదరొచ్చు. 1998లో టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ విద్యార్థులు నెబ్రాస్కా మ్యాచ్‌కే మెరూన్ టీషర్టులు అమ్మి స్టేడియం నింపారు. అప్పటికి దేశంలో రెండో ర్యాంకులో ఉన్న నెబ్రాస్కా ఆ రోజు 28–21తో ఓడిపోయింది.

2. ఏడాదికి ఒక్కటే మ్యాచ్

ప్రతి వారం రంగు రంగు అంటే మూడో వారానికి ఎవరూ వినరు. సీజన్ షెడ్యూల్ రాగానే ఒక పెద్ద మ్యాచ్ చూసి ఖాయం చేసేయండి, వీలైతే రాత్రిది. సెప్టెంబరు, అక్టోబరు అయితే చలి గొడవ తక్కువ.

పెద్ద ప్రత్యర్థి మీద పెడితే ఓడిపోయే ప్రమాదమూ ఉంటుంది. జార్జియా యూనివర్సిటీ జట్టు 2007లో ఆబర్న్ మీద నల్ల జెర్సీలతో 45–20తో గెలిచింది. మరుసటి ఏడాది అలబామా వచ్చినప్పుడూ స్టేడియమంతా నలుపే. సగం ఆట అయ్యేసరికి 31–0తో వెనకబడి, చివరికి 41–30తో ఓడింది. బట్టల రంగు జట్టుని గెలిపిస్తుందని ప్రచారంలో ఎక్కడా రాయకండి. జనం రావడానికి మంచి మ్యాచ్ చాలు.

3. మొదట విద్యార్థులు, పెద్దవాళ్లు తర్వాత

పెన్ స్టేట్‌లో కూడా మొదటిసారే లక్షమంది తెల్లబట్టలు వేసుకోలేదు. 2004లో పర్డ్యూ మ్యాచ్‌కి విద్యార్థుల సెక్షన్ ఒక్కటే తెల్లగా వచ్చింది. స్టేడియమంతా తెల్లబడింది 2007లో, నోటర్‌డామ్ వచ్చినప్పుడు. మధ్యలో మూడేళ్లు పట్టింది. మీరూ మొదటి ఏడాది విద్యార్థుల స్టాండ్ మీదే దృష్టి పెట్టండి. అది ఒక పక్క మొత్తం నిండితే టీవీ కెమెరా తిరిగేది అటే.

పక్క స్టాండ్స్‌లో ఇరవై, ముప్పై ఏళ్లుగా సీజన్ టికెట్లు కొంటున్న పూర్వ విద్యార్థులుంటారు. వాళ్లకో లక్కీ స్వెటర్ ఉంటుంది, అది తీయమంటే తీయరు. బతిమాలకండి. విద్యార్థుల ఫోటోలు చూశాక వచ్చే ఏడాది సగంమంది వాళ్లే మారతారు.

4. ఒకసారి చెప్తే సరిపోదు

టికెట్ అమ్మేటప్పుడు ఒకసారి, మ్యాచ్‌కి రెండు వారాల ముందు ఒకసారి, ఆ వారమంతా రోజూ చెప్పాలి. మ్యాచ్‌లు ఎక్కువగా శనివారాలే కాబట్టి శుక్రవారం రాత్రి మెసేజ్ అన్నిటికంటే ముఖ్యం, ఎందుకంటే రేపు ఏం వేసుకోవాలో అప్పుడే చూసుకుంటారు. టికెట్ మీద, మొబైల్ టికెట్ తెరుచుకునే పేజీ మీద రంగు పేరు పెద్ద అక్షరాలతో ఉండాలి. కోచ్ గానీ ఆటగాళ్లు గానీ ఒక చిన్న వీడియోలో అడిగితే పది పోస్టర్ల పని అవుతుంది.

మెసేజ్ ఒక్క ముక్కలో ఉండాలి. ‘శనివారం తెలుపు’ అంటే చాలు. ‘మన వారసత్వాన్ని చాటుదాం’ లాంటివి ఎవరూ చదవరు. ఇండియన్ స్టూడెంట్స్ వాట్సాప్ గ్రూపులకి కూడా పంపండి. కొత్తగా ఎమ్మెస్‌కి వచ్చిన మన పిల్లల్లో చాలామందికి ఆట రూల్స్ తెలియవు, కానీ ఉప్పల్‌లో ఆరెంజ్ జెర్సీలు వేసుకున్నవాళ్లకి ఈ సరదా విడిగా చెప్పక్కర్లేదు.

5. టీషర్టుల లెక్క

డబ్బు ఉంటే ఉచితంగా ఇవ్వండి, లేదంటే అసలు ధరకే అమ్మండి. 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత పదకొండు రోజుల్లో టెక్సస్ ఏ అండ్ ఎం విద్యార్థులు దాదాపు 70,000 టీషర్టులు ఒక్కోటి 5 డాలర్లకి అమ్మారు. పై అంతస్తు ఎరుపు, మధ్యది తెలుపు, కింద నీలం. మిగిలిన డబ్బు, దాదాపు 1,80,000 డాలర్లు, న్యూయార్క్ పోలీసు, ఫైర్ సిబ్బంది సహాయ నిధులకి వెళ్లింది. అంత తొందరలోనూ జరిగిందంటే ధర తక్కువ కావడం ఒక కారణం.

యూనివర్సిటీ లోగో వేయాలంటే వాళ్ల అనుమతి కావాలి. అనుమతికి టైం పడుతుంది, కాబట్టి ముందే అడగండి, లేదా లోగో లేకుండా వేయించండి. సైజుల్లో స్మాల్ తగ్గించి ఎక్స్‌ఎల్, డబుల్ ఎక్స్‌ఎల్ ఎక్కువ ఆర్డర్ చేయండి. చలేస్తే జాకెట్ మీద వేసుకోవడానికి అవే పనికొస్తాయి. మేం తెలుసుకున్నది ఇదొక్కటే, అదీ ఆలస్యంగా.

6. మ్యాచ్ రోజు

మర్చిపోయి వచ్చేవాళ్లు తప్పకుండా ఉంటారు. గేటు దగ్గర టేబుల్ వేసి, అదే రంగు రెయిన్‌కోట్లో చిన్న తువ్వాళ్లో పెట్టండి. వానొచ్చినా ఆ రెయిన్‌కోట్ల వల్ల రంగు పోదు. టెయిల్‌గేట్ (మ్యాచ్‌కి ముందు కార్ల దగ్గర చేసుకునే విందు) జరిగే పార్కింగ్ లాట్లలో వలంటీర్లు తిరిగితే ఇంకా మంచిది, గ్రిల్ దగ్గర కబుర్లలో ఉన్నవాళ్లు ఇచ్చింది కాదనరు. అవతలి జట్టు అభిమానుల చేతిలో మాత్రం పెట్టకండి, గొడవలవుతాయి.

ఒక రంగు కుదిరాక రెండు రంగుల గళ్లు ప్రయత్నించవచ్చు. టెనెసీ యూనివర్సిటీలో 2014లో ఫ్లోరిడా మ్యాచ్‌కి అభిమానులే మొదలుపెట్టారు, ఏ సెక్షన్ ఆరెంజ్, ఏది తెలుపు అని సీటు నంబర్ల ప్రకారం పంచి. ఆ మ్యాచ్ 10–9తో పోయింది గానీ గళ్లు మాత్రం నిలిచిపోయాయి. 2022లో అదే ఫ్లోరిడా మీద, అవే గళ్ల మధ్య 38–33తో గెలిచారు. ఇందులో ఒక సెక్షన్ తప్పినా తెలిసిపోతుంది కాబట్టి మొదటి ఏడాది దీని జోలికి వెళ్లొద్దు.

కిక్‌ఆఫ్‌కి పది నిమిషాల ముందు ఎదురు స్టాండ్ పై వరసకి ఒకరిని కెమెరాతో పంపించండి. స్టాండ్ లోపల ఉన్నవాళ్లకి ముందువాళ్ల వీపులు తప్ప ఏమీ కనపడవు. ఆ ఫోటో మ్యాచ్ అయిపోకముందే అందరి ఫోన్లకీ చేరాలి.