పిస్టల్‌ని వెనక్కి పంపమని కంపెనీ రాస్తే

2018 సంక్రాంతికి వారం ముందు, ఇంకా తెల్లారకుండానే టెక్సస్ నుంచి అల్లుడు ఫోన్ చేశాడు. "మామయ్య గారూ, నా పిస్టల్‌ని పంపమని కంపెనీ వాళ్లు రాశారు. లోపల ఏవో భాగాలు మార్చి ఇస్తారట, డబ్బులేమీ తీసుకోరట. ఇష్టమైతేనే పంపండి అని కూడా ఉంది. పంపమంటారా, వద్దంటారా?"

నేను గుంటూరులో జిల్లా ఆర్మ్‌డ్ రిజర్వులో ఇరవై ఆరేళ్లు ఆర్మరర్‌గా, అంటే ఆయుధాల మరమ్మతు చూసేవాడిగా చేసి రిటైరయ్యాను. బ్రాడీపేటలో మా ఇంటికి ఇప్పటికీ లైసెన్సు ఉన్నవాళ్లు వస్తుంటారు. మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారులు, నగల కొట్లవాళ్లు, బ్యాంకు గార్డులు. "స్ప్రింగు బిగుసుకుంది, ఏం చేయమంటారు?" లాంటి ప్రశ్నలే ఎక్కువ. అల్లుడి ప్రశ్న అలాంటిది కాదు. ఆ రోజు అతనికి చెప్పినవీ, తర్వాత ఇక్కడివాళ్లకి చెబుతూ వచ్చినవీ ఇక్కడ రాస్తున్నాను.

పంపాలా వద్దా అనేది తర్వాత. "అది ఇప్పుడు ఎక్కడుంది, తూటాలు అందులోనే ఉన్నాయా?" అని అడిగాను. పడకగదిలో మంచం పక్క సొరుగులో ఉందట, నిండుగా ఉందట. మా మనవరాలికి అప్పుడు రెండేళ్లు. వీడియో కాల్ పెట్టమన్నాను.

గోడవైపు, మనుషులెవరూ లేని వైపు మూతి పెట్టించాను. వేలు ట్రిగ్గర్ గార్డు బయటే. ముందు మ్యాగజైన్, అంటే పిడిలో తూటాలుండే పెట్టె తీయమన్నాను. అతను స్లైడ్ మీద, అంటే పైన ముందుకీ వెనక్కీ జరిగే భాగం మీద చెయ్యి వేయబోయాడు. ఆగమని గట్టిగా అన్నాను. ఈ వరస తప్పడం వల్లే ప్రమాదాలు జరుగుతాయి. మ్యాగజైన్ లోపలుండగా స్లైడ్ లాగితే చాంబర్లో, అంటే గొట్టం వెనక పేలడానికి సిద్ధంగా ఉండే గదిలో ఉన్న రౌండు (తూటా) బయట పడుతుంది, కానీ వదిలిన మరుక్షణం కిందనుంచి ఇంకోటి ఎక్కుతుంది. చూసేవాడు ఖాళీ అయిందనుకుంటాడు. అందుకే మ్యాగజైన్ తీశాక మాత్రమే స్లైడ్. మూడుసార్లు లాగించాను. మొదటిసారికే ఒక రౌండు దుప్పటి మీద పడింది. స్లైడ్‌ని వెనక ఆపించి, చాంబర్లోకి టార్చి వేసి చూడమన్నాను, చిటికెన వేలితో తడిమి చూడమన్నాను. పిస్టల్‌ని తాళం పెట్టెలో, తూటాలని వేరే గదిలో పెట్టించాను. అప్పుడు ఉత్తరం చదవమన్నాను.

మీకు ఇలాంటి ఉత్తరం వస్తే మొదట చేయాల్సింది ఇదే. పంపాలో లేదో నెల రోజులు ఆలోచించుకోండి, కానీ ఆ నెల రోజులూ అది ఖాళీగా ఉండాలి.

ఉత్తరంలో వెతకాల్సింది ఒకే ఒక్క సంగతి. తప్పు ఏ రకమైంది? తూటా ఇరుక్కోవడం, మ్యాగజైన్ జారిపోవడం, తుప్పు పట్టడం లాంటివి ఒక రకం. అవసరానికి పేలకపోవడం అన్నమాట. వేలు పెట్టకుండానే పేలడం రెండో రకం. మొదటి రకానికైతే మీ వీలు చూసుకుని, రేంజికి వెళ్లే రోజులు లేనప్పుడు పంపవచ్చు. రెండో రకానికి ఆలోచన అక్కర్లేదు, పంపాల్సిందే. "రీకాల్" అని రాశారా, "స్వచ్ఛంద అప్‌గ్రేడ్" అని రాశారా అన్నది చూసి మోసపోకండి. అది కంపెనీ లాయర్లు ఎంచుకునే మాట. తప్పు ఏ రకమన్నది ఆ పేరు చెప్పదు.

అల్లుడిది సిగ్ సావర్ పీ320. ఆ మోడల్‌కే 2017 జనవరిలో అమెరికా సైన్యం కాంట్రాక్టు దక్కింది. అదే ఏడాది ఆగస్టులో, కొన్ని కోణాల్లో కింద పడితే ట్రిగ్గర్ ముట్టకుండానే పేలుతోందని బయటపడింది. కంపెనీ స్వచ్ఛంద అప్‌గ్రేడ్ ప్రకటించింది. అమెరికా ప్రామాణిక పరీక్షలన్నీ ఈ పిస్టల్ పాసైంది, ఆ పరీక్షల హద్దు దాటి పడితేనే పేలే అవకాశం ఉంది అని వాళ్ల మాట. అది అబద్ధం కాదు. కాకపోతే ఆ పరీక్షల్లో లేని కోణం ఒకటి మిగిలిపోయింది. స్లైడ్ వెనక అంచు నేలకు తగిలేలా, మూతి పైకి వాలి పడే కోణం.

ఎందుకు పేలుతుందో అల్లుడికి చెప్పడానికి మా బెల్ ఆఫ్ ఆర్మ్స్‌లో (ఆయుధాలు భద్రపరిచే గది) జరిగిన సంగతి చెప్పాను. ఒక రాత్రి సెంట్రీ మారుతుండగా నులక మంచం మీద పెట్టిన కార్బైన్ జారి, మడమ (వెనక కొస) కిందకొచ్చేలా సిమెంటు నేల మీద పడింది. మ్యాగజైన్ ఉంది, సేఫ్టీ వేయలేదు. ఆ కార్బైన్లో బోల్టు బరువైన ఇనప ముద్ద, స్ప్రింగు మీద ఆధారపడి ఉంటుంది. తుపాకీ నేల తాకి ఆగింది, బోల్టు ఆగలేదు. బస్సు బ్రేకు వేస్తే నిలబడ్డవాళ్లు ముందుకు తూలినట్టు అది వెనక్కి జారి, తిరిగి వస్తూ ఒక రౌండు తీసుకుని పేల్చేసింది. ఎవరికీ తగల్లేదు. పైన రేకుకి రూపాయి బిళ్లంత కన్నం పడింది. ఆ ఏడు వర్షాకాలమంతా ఆ కన్నం కింద బకెట్టు పెట్టుకున్నాం. బకెట్టు మార్చిన ప్రతిసారీ, మంచం మీద కూర్చుని ఉన్న కానిస్టేబుల్ తల ఆ రాత్రి ఎక్కడుందో నాకు గుర్తొచ్చేది.

పీ320లో ఆ ఇనప ముద్ద పని ట్రిగ్గరే చేసింది. తూటా వెనక కొట్టి పేల్చే సూదిని స్ట్రైకర్ అంటారు, దానికి లోపల సేఫ్టీ లాక్ ఉంది. కానీ ఆ లాక్‌ని తెరిచేది కూడా ట్రిగ్గరే. పిస్టల్ వెనక భాగం నేలకు కొట్టుకుని ఆగితే బరువైన ట్రిగ్గర్ ఆగకుండా వెనక్కి కదులుతుంది. అంటే వేలితో నొక్కినట్టే. కొన్ని పిస్టళ్లకి ట్రిగ్గర్ మధ్యలో చిన్న నాలుక లాంటిది ఉంటుంది, అది నొక్కితే తప్ప ట్రిగ్గర్ కదలదు. మామూలు పీ320కి అది లేదు. అందుకే అప్‌గ్రేడ్‌లో ట్రిగ్గర్, సియర్ (స్ట్రైకర్‌ని ఆపి పట్టే కొక్కెం), స్ట్రైకర్ బరువు తగ్గించారు, స్లైడ్ పూర్తిగా మూసుకోకపోతే పేలకుండా ఆపే డిస్కనెక్టర్ ఒకటి అదనంగా పెట్టారు. ఉత్తరంలో ఇంత వివరం ఉంటే అది పని తెలిసి చేసిన మార్పు అని నమ్ముతాను. ఏం మారుస్తారో చెప్పకుండా "భద్రత మెరుగుపరుస్తాం" అని మాత్రమే రాస్తే, ఏ భాగం, ఎందుకు అని ఫోన్ చేసి అడగండి. చెప్పడం వాళ్ల బాధ్యత.

మీది ఆ జాబితాలో ఉందో లేదో నంబరుతో చూసుకోవాలి, చూపుతో కాదు. పీ320లో నంబరు ఉండేది పైన కనిపించే పిడి మీద కాదు, లోపల ట్రిగ్గర్ భాగాలన్నీ ఉండే ఫైర్ కంట్రోల్ యూనిట్ మీద. పిడికి ఉన్న చిన్న కిటికీలోంచి చదవాలి. సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్లు అమ్మినవాడి మాట మీద ఆగిపోకండి. నంబరు కంపెనీ వెబ్‌సైట్లో కొట్టి చూడటానికి రెండు నిమిషాలు చాలు.

ఇంకో మాట కఠినంగానే చెబుతున్నాను. పిస్టల్‌ని కింద పడేసి, సుత్తితో కొట్టి "మాది పేలట్లేదు" అని తేల్చుకోకండి. పదిసార్లు పేలలేదంటే ఆ పది కోణాల్లో పేలలేదని మాత్రమే. పైగా ఆ దెబ్బలకి బాగున్న భాగం కూడా పాడవుతుంది.

అల్లుడికి పంపాలని లేదని నాకు అర్థమైంది. "రెండేళ్లయింది, ఒక్కసారి కూడా కింద పడలేదు" అన్నాడు. పడని వస్తువు కాదది, ఇంతవరకు పడలేదు, అంతే. ట్రిగ్గర్ మెత్తగా అలవాటైంది, మార్చాక వేరేగా ఉంటుందేమో అన్నాడు. ఉంటుంది, రెండు పూటలు రేంజికి వెళ్తే చేతికి అలవాటవుతుంది. మూడోది మాత్రం న్యాయమైన మాట: "అది వెళ్తే వారాల తరబడి ఇంట్లో ఏమీ ఉండదు." ఇక్కడే మనిషి మనిషికీ జవాబు మారుతుంది. ప్రాణభయం ఉండి రోజూ నడుముకి పెట్టుకునేవాడు ముందు ఇంకో ఏర్పాటు చేసుకుని పంపాలి. వాడిదే ఎక్కువసార్లు కింద పడే అవకాశం ఉన్న పిస్టల్, కాబట్టి ఆలస్యం కూడా చేయకూడదు. ఆదివారాలు రేంజికి మాత్రమే తీసుకెళ్లే మా అల్లుడిలాంటివాడికి ఏ ఇబ్బందీ లేదు. మా అమ్మాయిని ఒక్కమాట అడగమన్నాను. తను ఫోన్ తీసుకుని "నాన్నా, రేపే పంపిస్తాడు" అంది.

పాత వస్తువు విలువ పోతుందని వెనకాడేవాళ్లూ ఉంటారు. దానికి రూగర్ కంపెనీ పద్ధతి నాకు నచ్చింది. 1953 నుంచి 1972 దాకా వాళ్లు చేసిన సింగిల్ యాక్షన్ రివాల్వర్లలో (ప్రతిసారీ సుత్తిని వేలితో వెనక్కి లాగి కాల్చేవి; సుత్తి అంటే వెనకనుంచి కొట్టి తూటాని పేల్చే భాగం) సుత్తి కింద రౌండు ఉంటే దెబ్బ తగిలి పేలే ప్రమాదం ఉండేది. తెలిసినవాళ్లు ఆరు గదుల్లో అయిదే నింపి, సుత్తి కింద గది ఖాళీగా ఉంచేవారు. 1973 నుంచి ట్రాన్స్‌ఫర్ బార్ పెట్టారు, ట్రిగ్గర్ నొక్కితేనే సుత్తి దెబ్బని తూటాకి అందించే పలక అది. పాతవాటిని 1982 నుంచి ఉచితంగా మార్చి ఇస్తూ, తీసేసిన పాత భాగాలని కూడా తిరిగి ఇస్తున్నారు. విలువ కోసం దాచుకోవాలనుకుంటే ఆ భాగాలు దాచుకోవచ్చు. మీ కంపెనీని కూడా పాత భాగాలు ఇస్తారా అని అడగండి.

పంపేటప్పుడు ఉత్తరంలో ఏవి పంపమన్నారో అవే పంపాలి. తూటా ఒక్కటి కూడా ఆ పెట్టెలో ఉండకూడదు. లైటు, ఆప్టిక్ (గురి చూసే అద్దం), హోల్‌స్టర్ (తొడుగు) తీసేసి దగ్గర పెట్టుకోండి. రెండు వైపులా, నంబరు కనిపించేలా ఫొటోలు తీసుకోండి. కంపెనీ ఇచ్చిన లేబుల్‌తోనే పంపండి, సొంతంగా పోస్టాఫీసుకి వెళ్లకండి. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం రిపేరుకి కంపెనీకి పంపిన ఆయుధం డీలర్ దగ్గరికి వెళ్లకుండా నేరుగా యజమానికే తిరిగి రావచ్చు. ఏ రాష్ట్రంలో ఉన్నారో అక్కడి నిబంధన కూడా కనుక్కోవాలి.

మన దగ్గర దారి పూర్తిగా వేరు. 9 ఎంఎం తూటా సైజు పిస్టల్ మామూలు లైసెన్సుదారుకి ఇవ్వరు, ఎక్కువమంది దగ్గర ఉండేది పాయింట్ 32 సైజుది. ఆయుధాల చట్టం, 1959 సెక్షన్ 5 ప్రకారం లైసెన్సు లేనివాడు తుపాకీ రిపేరు చేయకూడదు. ఆటోనగర్‌లో లేత్ పని ఎంత బాగా వచ్చినవాడైనా సరే, వాడి చేతికి సియర్ ఇచ్చారంటే ఇద్దరూ నేరం చేసినట్టే. విదేశీ కంపెనీకి కొరియర్‌లో పంపడం కుదరదు, ఎగుమతి దిగుమతులకి సెక్షన్ 10 కింద వేరే లైసెన్సు కావాలి. మీ లైసెన్సులో ఏ ప్రాంతానికి చెల్లుతుందో రాసి ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ వరకే అయితే మీరే దాన్ని రైల్లో కాన్పూర్ ఫ్యాక్టరీకి తీసుకెళ్లకూడదు. లైసెన్సున్న డీలర్ ద్వారా పంపాలి. ఇచ్చిన రోజే నంబరు, తేదీ, ఏ పనికి ఇచ్చారో రాసి, ముద్ర వేసిన రశీదు తీసుకోండి. ఎన్నికలప్పుడు ఆయుధాలు డిపాజిట్ చేయమని స్టేషన్ నుంచి కబురొస్తే మీ చేతిలో చూపించడానికి అదే ఉంటుంది. లైసెన్సు రెన్యువల్ తేదీ దగ్గర పడుతుంటే ముందు అది పూర్తి చేసుకోండి.

తిరిగి వచ్చాక పెట్టె తెరిచిన వెంటనే మళ్లీ అదే వరస. మ్యాగజైన్, స్లైడ్, చాంబర్. ఫ్యాక్టరీ నుంచి వచ్చింది కదా అని నమ్మకూడదు. తర్వాత ఖాళీగానే ట్రిగ్గర్ నొక్కి పట్టి, స్లైడ్ లాగి వదిలి, ట్రిగ్గర్ వదిలితే అది మళ్లీ కుదురుకుందో లేదో వినండి, చిన్న టిక్ మంటుంది. ఆపైన రేంజిలో రెండు మ్యాగజైన్లు కాల్చి చూడండి. అప్పటిదాకా దాన్ని నడుముకి పెట్టుకోవద్దు.

మార్పు చేసిన తర్వాత కూడా పీ320 మీద గొడవ ఆగలేదు. దానంతట అదే పేలిందని కేసులు వేశారు. 2024లో ఫిలడెల్ఫియాలో ఒక జ్యూరీ 1.1 కోట్ల డాలర్లు చెల్లించమంది. పిస్టల్‌లో లోపం లేదనే కంపెనీ ఇప్పటికీ వాదిస్తోంది. ఆ వార్త చూసి అల్లుడు మళ్లీ ఫోన్ చేశాడు. అప్‌గ్రేడ్ దండగేనా అని అడిగాడు. కాదు. తెలిసిన తప్పు ఒకటి పోయింది, కింద పడితే పేలేది. మిగతాదానికి చాంబర్ ఖాళీగా ఉంచు, ట్రిగ్గర్ మొత్తం కప్పే గట్టి హోల్‌స్టర్ వాడు, ఇంట్లో తాళం పెట్టెలో తప్ప ఎక్కడా పెట్టకు అన్నాను.

ఆ మొదటిసారి అతని పిస్టల్ తిరిగొచ్చింది మార్చి నెలలో. పంపేముందు నంబరు నా డైరీలో రాయించాను. పెట్టె తెరిచి కిటికీలోంచి ఒక్కో అంకె చదవమన్నాను, నేను ఇక్కడ వేలు పెట్టి ఒక్కొక్కటీ కలుపుకుంటూ వచ్చాను. చివరి అంకె దాకా కలిసింది. చాంబర్ చూశావా అని అడిగాను. చూశాను మామయ్య గారూ, వేలు పెట్టి కూడా చూశాను అన్నాడు.